వెళ్ళొస్తానన్న వరదానం గారు

వరదానం గారు ఎక్కడినుంచీ ఒక్కసారిగా వెళ్ళరు. "వెళ్ళొస్తానండి" అని చెప్పి, గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చి ముఖం చూపించి, అప్పుడు వెళతారు. అందరూ మాటవరసకు అనేదాన్ని ఆయన ఇచ్చిన మాటగా పట్టుకున్నారు.

దీనివల్ల ఏలూరు బస్టాండులో ఆయనకు తప్పిపోయిన కైకలూరు బస్సులకు లెక్కలేదు. పెళ్ళిచూపులప్పుడూ అలాగే వెనక్కి వస్తే, సంబంధం ఖాయం చేయడానికే వచ్చారనుకుని ఆడపెళ్ళివారు మిఠాయి తెప్పించేశారు. కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ అమ్మాయే ఇప్పుడు ఆయన భార్య.

ఏలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో సిస్టమ్‌లన్నీ లాగినయ్యే లినక్స్ సర్వర్ చూసేది ఆయనే. దానితోనూ అదే వరస. ఏ సెట్టింగు మార్చినా తెరిచిన స్క్రీను మూయరు. పక్క సిస్టమ్‌లో కొత్తగా లాగినై, అది లోపలికి రానిచ్చాకే మొదటిది మూస్తారు. కొత్తగా చేరిన జాయ్సీకి ఇదంతా చాదస్తం. ఆయన వెనక నవ్వేది, అప్పుడప్పుడు ముందు కూడా.

ప్రాక్టికల్ పరీక్షల రోజు పొద్దున, పాస్‌వర్డ్ నియమాలు గట్టి చేయమని ప్రిన్సిపాల్ అంటే, జాయ్సీ సర్వర్లో ఆ నియమాలుండే ఫైలు మార్చి ధీమాగా లాగౌట్ అయింది. మళ్ళీ లాగిన్ కాబోతే సర్వర్ రానివ్వలేదు. విద్యార్థుల పేర్లతో ప్రయత్నించింది, వాళ్ళనీ రానివ్వలేదు. బయట పిల్లలు రికార్డులు పట్టుకుని నిలబడ్డారు. ఎగ్జామినరు తాడేపల్లిగూడెంలో బయల్దేరారట. జాయ్సీది టెంపరరీ ఉద్యోగం, పరీక్ష ఆగితే అది ఆ పూటే ఊడుతుంది.

అప్పుడే వరదానం గారు భుజాన సంచితో వచ్చారు. అత్తగారింట్లో ప్రార్థన కూడిక ఉందని పూట సెలవు పెట్టారు. "వెళ్ళొస్తానండి జాయ్సీ గారూ" అన్నారు.

ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన మనిషిని సాయం అడగడం ఎలా? "మంచిదండి" అంది. ఆయన వెళ్ళిపోయారు. జాయ్సీ గేటు వైపే చూస్తూ, ఆ చాదస్తం ఈ ఒక్కపూటకైనా మానవద్దని దేవుణ్ణి వేడుకుంది.

ఆయన వచ్చారు.

"అందరి లాగిన్లూ పోయాయండీ. నేనే చేశాను" అంది.

ఆయన సంచి దించి లోపలికి నడిచారు. మూల సిస్టమ్‌లో ఆయన లాగిన్ ఇంకా తెరిచే ఉంది, వెళ్ళి వచ్చేదాకా మూయరు కదా. ముందే లోపల ఉన్నవాళ్ళని సర్వర్ బయటికి పంపదు. రానివ్వనందుకు కారణాన్ని సర్వర్ రాసుకునే చోట చూస్తే, జాయ్సీ చేర్చిన లైనులో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంది. ఆమెనే కూర్చోబెట్టి దిద్దించారు. ఆమె చేయి అలవాటుగా లాగౌట్ వైపు వెళ్ళింది.

"మూయకండి. ముందు పక్కదాంట్లోకి వెళ్ళి రండి."

పక్క సిస్టమ్ ఆమెను రానిచ్చింది. కాసేపటికి పిల్లలంతా లోపల ఉన్నారు.

"మీరు రాకపోతే నా పని అయిపోయేదండి. ఇందాకే అడగాల్సింది" అంది జాయ్సీ.

"వెళ్ళేవాణ్ణి ఎవరూ ఆపరండి, మొహమాటం. తిరిగొస్తే మాత్రం చెబుతారు. అందుకే వస్తాను" అని, ఆయన తప్పిపోయిన బస్సు తర్వాతి బస్సు కోసం బయల్దేరారు.

సాయంత్రం ల్యాబు ఊడుస్తున్న హన్నమ్మతో జాయ్సీ "వెళ్ళొస్తానమ్మా" అంది. రోజూలాగే హన్నమ్మ తలూపింది. గేటు దాకా వెళ్ళి, కాస్త సిగ్గుపడుతూనే వెనక్కి వచ్చింది జాయ్సీ.

హన్నమ్మ చీపురు పక్కన పెట్టింది. "అమ్మగారూ, మా మనవరాలి ఇంటర్ మార్కులు ఈ కంప్యూటర్లో కనబడతాయంటండి. అవి వచ్చి చాలా రోజులైందంట. మీరేమో వెళ్ళిపోతుంటారు..."

జాయ్సీ సంచి కింద పెట్టి, మళ్ళీ లాగిన్ అయింది.