సాయన్న ఇచ్చిన ఢీల్

నాంపల్లి సబ్‌స్టేషన్‌లో సాయన్న కట్టిన తీగను పోల్చుకోలేని లైన్‌మన్ లేడు. ఇటు నుంచి అటు గీత గీసినట్టు ఉండేది, ఇంత వంపు కనిపిస్తే ఒట్టు. పంతొమ్మిది వందల యాభై ఆరులో మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి స్తంభాలకు గుంతలు తవ్వే కూలీగా చేరిన మనిషి, పదేళ్లు తిరక్కుండానే ఫోర్‌మన్ అయ్యాడంటే ఆ చేతి బిగువు వల్లే. చదువు లేదు, సిఫారసు లేదు, ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. దాని కోసం ఎంత తాపత్రయపడేవాడో ఆయన భార్య యాదవ్వను అడగాలి. పండగపూట కూడా తీగ ఎక్కడైనా జారిందేమోనని ఒకసారి వెళ్లి చూసి వస్తే గానీ ముద్ద దిగేది కాదు.

అరవై ఏడు డిసెంబరులో ఎక్కడో దూరాన కొయ్‌నా డ్యామ్ వైపు భూకంపం వచ్చింది. పేపర్లో చదివి నగరమంతా అయ్యో అనుకుని ఊరుకుంది. సబ్‌స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఇంజనీరు శ్యామ్‌సుందర్ మాత్రం ఊరుకోలేదు. అక్కడ రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. ఒకటి దవాఖానకు కరెంటు ఇస్తుంది, రెండోది అబిడ్స్ బజారుకు. రెండూ చక్రాలతో పట్టాల మీద నిలబడి ఉన్నాయి. భూమి ఊగితే దొర్లిపోతాయి, చక్రాలను పట్టాలకు బిగించమన్నాడు ఇంజనీరు. బిగించమంటే సాయన్నకు పాయసం పెట్టినట్టే, ఆనందంగా బిగించాడు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన ఉండే పింగాణీ కొమ్ములకు తగిలించిన తీగలను వదులు చెయ్యమన్నాడు. అంతే, సాయన్న మొహం మాడిపోయింది.

వదులట, వదులు! ఆ మాటను ఆయన ఎవరినైనా తిట్టడానికే వాడేవాడు. చేతగానివాడి పనే వదులు పని. అలాంటి పని నా చేత్తో జరగదు, ఇంకెవరితోనైనా చేయించుకోండని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

శ్యామ్‌సుందర్ స్థానంలో ఇంకొకడైతే మెమో చేతిలో పెట్టేవాడు. ఆయన మాత్రం మర్నాడు సాయన్నను మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇరానీ హోటల్‌కు తీసుకుపోయాడు. చాయ్ తాగాక పింగాణీ కప్పు చెవికి గట్టి దారం కట్టి, రెండో కొసను కిటికీ ఊచకు బిగించి, బల్లను ఒక్క ఊపు ఊపాడు. కప్పు చెవి పుటుక్కున ఊడిపోయింది. గల్లా దగ్గర కూర్చున్న సేఠ్ లేచి శాపనార్థాలు మొదలుపెట్టాడు. అవి వినిపించుకోకుండా ఇంజనీరు ఇంకో కప్పుకు దారాన్ని కాస్త జార్చి కట్టి, మళ్లీ బల్ల ఊపాడు. కప్పు గలగలలాడింది గానీ చెక్కు చెదరలేదు.

సాయన్న ఆ దారాన్ని కన్నార్పకుండా చూశాడు. ఆయన పతంగులు ఎగరేయడంలో తక్కువవాడు కాదు. గాలిలో రెండు దారాలు మెలిక పడ్డప్పుడు మొండిగా గుంజి పట్టేవాడిది తెగుతుంది, అదను చూసి దారం వదిలేవాడిది నిలుస్తుంది. ఆ వదలడాన్నే ఢీల్ అంటారు. అది చేతగానితనం కాదు, అసలైన పనితనం.

"గిది ఢీల్ గదా సారూ," అన్నాడు. "ఢీల్ ఇయ్యమని ముందుగాల్నే చెప్పరాదా? వదులు అంటే నన్ను తిట్టిన్రనుకున్న."

ఆ ఢీల్ కూడా ఊరికే కుదరదు. తక్కువైతే కుదుపుకు పింగాణీ పగులుతుంది, ఎక్కువైతే తీగ గాలికి ఊగి పక్క తీగకు తగులుతుంది. ఇంజనీరు లెక్క కట్టి ఇచ్చాడు, సాయన్న దాన్ని చేతికి తెచ్చుకున్నాడు. ముందు దవాఖాన ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి చేశాడు. జీవితమంతా గుంజి పేరు తెచ్చుకున్నవాడు తన ముడులను తానే విప్పి జార్చి కట్టడమంటే మాటలా? కింద నిలబడ్డ లైన్‌మన్లు సాయన్నకు వయసు మీద పడిందని నవ్వుకున్నారు. ఆయన పైన తర్వాతి ముడి విప్పాడు.

అబిడ్స్ దాన్ని ముట్టుకునేలోపే శ్యామ్‌సుందర్‌కు వరంగల్ బదిలీ అయింది. తర్వాత తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఆ వేలాడే తీగలను చూసి మండిపడ్డాడు. వెంటనే మళ్లీ గుంజి కట్టమన్నాడు, రెండో దాని జోలికి పోవద్దన్నాడు. పాత ఇంజనీరు మీదకు తోసేస్తే సాయన్నకు ఏ గొడవా లేకపోయేది.

"ఫోర్‌మన్‌గిరీ తీస్కోండ్రి సార్," అన్నాడు. "గా తీగ మాత్రం నేను గుంజను."

తీసేసుకున్నారు. తన దగ్గర పని నేర్చుకున్న బాలమల్లు కిందే సాయన్న పనిచేయాల్సి వచ్చింది. తీగల కోసం ఇంత పట్టింపు ఏందని యాదవ్వ ఏడ్చింది. దవాఖానవాళ్లు మరోసారి కరెంటు ఆపనివ్వకపోవడంతో ఆ తీగలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

అరవై తొమ్మిది ఏప్రిల్‌లో ఒక రాత్రి యాదవ్వ అన్నం వడ్డిస్తుంటే గంజులూ గిన్నెలూ గలగలలాడాయి. గోడ కదిలింది. గల్లీ జనమంతా పిల్లాజెల్లతో బయటికి ఉరికారు. సాయన్న అబిడ్స్ వైపు చూశాడు, చీకటి. దవాఖాన వైపు చూశాడు, దీపాలు వెలుగుతున్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా సబ్‌స్టేషన్‌కు పరుగెత్తాడు.

తెల్లవారి ఆ పెద్ద అధికారి వచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. దవాఖాన ట్రాన్స్‌ఫార్మర్ మీద చిన్న గీత కూడా పడలేదు. అబిడ్స్ దాని పింగాణీ కొమ్ము నిలువునా పగిలి నూనె కారుతోంది. అధికారి దాన్ని చాలాసేపు చూసి, తల తిప్పకుండానే, ఇంత బిగించి కట్టిందెవరని అడిగాడు. బాలమల్లు సాయన్న వైపు చూశాడు. దీనికి ఢీల్ వద్దన్నది మీరే కదా సార్ అని సాయన్న ఒక్క మాటంటే చాలు, ఇన్నాళ్ల అవమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

"గిది గూడ నా చేతి పనే సార్," అన్నాడు సాయన్న. "గప్పట్ల నాకు గుంజుడొక్కటే తెలుసు."

అని, పగిలిన కొమ్ము దగ్గరికి నిచ్చెన తెచ్చి వేయమన్నాడు.