చప్పుడు చేసే నీరు

కళింగపట్నం సూరాడ ఎర్రయ్య ఇరవై ఏళ్లుగా మోటారుసైకిల్ మీద చేపలు వేసుకెళ్లి నరసన్నపేటలో అమ్ముతున్నాడు. 2017లో సముద్రంలో చేపల వేటపై ఏటా ఉండే నిషేధం మొదలవగానే బుట్టలు విప్పేసి, ఆ బండి మీదే ఒంటరిగా నేపాల్ బయలుదేరాడు. మంచుకొండల్ని దగ్గరగా చూడాలని అతని కోరిక.

పదమూడో రోజున నేపాల్ కొండల్లో దారికి అడ్డంగా ఒక వాగు పొంగింది. నేపాల్‌లో బండి తిప్పడానికి సరిహద్దులో ఇచ్చిన అనుమతి గడువు దగ్గరపడింది. ఈ పూట దాటకపోతే వెనక్కి తిరగాల్సిందే.

హైదరాబాదు నుంచి పెద్ద బండ్ల మీద వచ్చిన ఇద్దరు అప్పటికే ఒడ్డున ఆగి ఉన్నారు.

"జీపులే ఆగినయ్ కాకా. నీ చేపల బండి ఏం పోతది?" అన్నాడు ఒకడు.

"ఉండండి బాబూ, నీరేటి సెప్తాదో ఇంతన్నాను," అంటూ ఎర్రయ్య వాగు వైపు చెవి పెట్టాడు.

వంశధార సముద్రంలో కలిసేచోట పెరిగినవాడు ఎర్రయ్య. చప్పుడు లేకుండా జారే నీరు లోతని, గలగలమనే చోట రాళ్లు పైకి ఉంటాయని అతనికి తెలుసు. ముందు కర్రతో నడిచి చూశాడు. తర్వాత చప్పుడు వెంటే వంకరగా బండి నడిపి అవతలికి చేరాడు.

"మేమెట్ల రావాలె కాకా?"

ఎర్రయ్య మళ్లీ ఆ మంచునీళ్లలోకి దిగాడు. లోతు మొదలయ్యేచోట గుర్తుకొయ్యలా నిలబడి, ఇద్దరూ దాటేదాకా కదల్లేదు.