మిద్దె మీద సున్నం, పప్పులో ఎరుపు

పొరపాటు చేసినవాణ్ణి మనవాళ్ళు పప్పులో కాలేశాడంటారు. నేను కాలు వేయలేదు, ఏకంగా ఇంటి మిద్దెనే తెచ్చి పప్పులో వేశాను. అది కూడా గృహప్రవేశం రోజు, రాయచోటిలో సగం ఊరు విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా. ఎవరి కడుపుకూ ఏమీ కాలేదు కాబట్టి మీరు నిర్భయంగా నవ్వుకోవచ్చు.

మాది కిరాణా అంగడి. అన్ని అంగళ్ళలో ఉండేవే మా దగ్గరా ఉండేవి, ఒక్క పసుపు తప్ప. మా నాయన కొమ్ములు తనే ఏరి, మరలో తన కళ్ళముందే పట్టించేవాడు. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు బస్సు దిగి ముందు మా పసుపు కొనుక్కుని, తర్వాతే మిగతా పనులు చూసుకునేవారు. ఎదురంగడి రంగయ్యకు ఇది సహజంగానే కడుపుమంట. మా నాయనకు ఇల్లు, పొలం, కొడుకు అన్నీ ఆ పసుపు తర్వాతే. కొడుకునైన నాకు ఈ సంగతి బాగా తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము ఇల్లు మొదలుపెట్టాం. ఇంకుడు గుంత లేకపోతే ప్లానుకు అనుమతి లేదని అధికారులు గట్టిగా పట్టుకున్న రోజులవి. నేను డిగ్రీ చదివానని నాయన ఆ పని నాకు అప్పగించాడు. ఆఫీసులో ఇంజనీరు మంచివాడు. గుంత ఎక్కడ తవ్వాలో చెప్పడంతో ఆగలేదు. దూరం నుంచి పాలరాయి తెప్పించడమెందుకు, మన కడప బండలే పరుచుకోమన్నాడు. మిద్దెకు సున్నం పూస్తే ఎండ లోపలికి దిగదన్నాడు. మిద్దె మీద పడే వానను గొట్టం పెట్టి సంపులోకి దించుకుంటే ట్యాంకరు కోసం ఎదురుచూసే పని తగ్గుతుందన్నాడు. చివరగా ఒక మాట అన్నాడు.

"తొలివాన మాత్రం సంపులోకి వదలొద్దు. మిద్దె కడిగిన నీళ్ళవి, బయటికి పోనియ్యి."

అంతవరకు బుద్ధిగా తలూపినవాణ్ణి అక్కడ ఆగిపోయాను. మీరే చెప్పండి, బిందెల వరసలో నిలబడి పెరిగినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? మా సీమలో వానంటే అరుదుగా వచ్చే అల్లుడు. వచ్చినవాణ్ణి వాకిట్లోంచే పంపిస్తామా? "వానను రోడ్డుపాలు చేయమంటావా సార్" అని నవ్వేసి వచ్చాను.

ఇక నా ఉత్సాహం చూడాలి. తిక్కలోడు తిరణాళ్ళకు పోతే ఎక్కా దిగా సరిపోయిందన్నట్టు, ఆ వేసవంతా మిద్దె ఎక్కడానికీ దిగడానికీ సరిపోయింది నాకు. అంగట్లో నన్ను చూసినవాళ్ళు లేరు. గృహప్రవేశం దగ్గరపడగానే ఇంజనీరు చెప్పిన ఒక పూత చాలదనిపించి, చిక్కటి సున్నం పూత మీద పూత వేయించాను. మిద్దె పెరుగన్నం ముద్దలా మెరిసింది. అది పూర్తిగా ఆరకముందే, ముహూర్తానికి ముందురోజు, వాన దంచికొట్టింది. సంపు నిండింది. నేను అప్పటికప్పుడు ట్యాంకరువాడికి ఫోన్ చేసి, రావద్దని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం మీరు వినాల్సింది. తెల్లారేసరికి నీళ్ళు తేరుకుని అద్దంలా ఉన్నాయి.

పొద్దున మా ఆవిడ గడపకు పూయడానికి ఆ నీళ్ళతో పసుపు కలిపింది. పసుపు కాస్తా ఎర్రబడింది. గిన్నెకు కుంకుమ అంటి ఉంటుందని ఆమె అనుకుంది. మా అమ్మేమో లక్ష్మీకళ అంది. శాస్త్రానికి పాలు పొంగాయి, అందరూ సంతోషించారు. తాగడానికి వేరే క్యాన్లు తెప్పించాం గానీ, వంటంతా సంపు నీళ్ళతోనే జరిగింది.

విస్తళ్ళు పడ్డాయి. మొదటి వరసలోనే రంగయ్య. అన్నం మీద ముద్దపప్పు పడింది. పసుపుపచ్చగా ఉండాల్సిన పప్పు దిష్టితీసిన నీళ్ళ రంగులో ఉంది. రంగయ్య దాన్ని వేలితో తాకి, వేలు పైకెత్తి పదిమందికీ చూపించాడు.

"ఏమప్పా, పసుపులో ఏం కలుపుతాండావు? ఇటికెల పొడి మాదిరి ఉండాది."

వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. మా నాయన ముఖం చూస్తే నా గుండె చెరువైంది. ఆయన వంటల దగ్గరికి నడిచాడు. ఒక గ్లాసులో క్యాను నీళ్ళు, ఒక గ్లాసులో సంపు నీళ్ళు తీసుకుని రెండింట్లోనూ చిటికెడు మా పసుపు వేశాడు. మొదటిది పచ్చగానే ఉంది. రెండోది పారాణి అయింది. నాయన మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు.

"రేయ్ ప్రసాదూ, మిద్దె మీద ఏం పూసినావురా?"

నిజం చెప్తున్నాను, అబద్ధమాడి తప్పించుకోవాలనిపించింది. కానీ నేను నోరు మూసుకుంటే పోయేది నా తెలివి కాదు, ఆయన పసుపు. పసుపు మూట పక్కన సున్నం డబ్బా పెట్టినందుకు చిన్నప్పుడు వీపు చిట్లిన అంగట్లో పెరిగినవాణ్ణి, ఆ రెంటినీ తెచ్చి పప్పులో కలిపి పెళ్ళి చేశాను. అందరూ వినేలా చెప్పాను.

"సున్నం నాయనా. తొలివాన పోనియ్యమని ఇంజనీరు చెప్పినాడు. నాకే మనసు రాలేదు."

నాయన ఎర్ర గ్లాసు పైకెత్తాడు. కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది వ్యాపారం.

"చూసినావా రంగయ్యా? సున్నం తగిల్తే ఇట్ల ఎర్రబడేదే అసలు పసుపు. మీ అంగట్లోది గూడా చిటికెడు తెప్పియ్యి, ఈ నీళ్ళలోనే ఏసి చూస్తాం."

రంగయ్యకు ఉన్నట్టుండి అంగట్లో ఏదో పని గుర్తొచ్చింది. పొట్టచెక్కలయ్యేలా నవ్విన జనం, ట్యాంకరు వచ్చి పప్పు మళ్ళీ ఉడికేదాకా కూడా నవ్వుతూనే కూర్చున్నారు. రంగయ్య తప్ప ఎవరూ తినకుండా పోలేదు. ఆ రాత్రి కొత్త ఇంట్లో, చల్లటి మిద్దె కింద, నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు సంపు తోడేశాం. తర్వాతి వానల నీళ్ళు తేటగా దిగాయి. మిద్దెకు సున్నం పూయడం ఇప్పుడు మా వీధంతా ఉంది. మా నాయన మాత్రం తోడేసే ముందు ఒక సీసా నీళ్ళు పట్టుకుని అంగట్లో పెట్టుకున్నాడు. అనుమానపడిన ప్రతివాడికీ రెండు చుక్కలు పోసి, ఎరుపు చూపించి, పసుపు కట్టిచ్చేవాడు. బేరాలు పెరిగాయి. సీసా అడుగంటింది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా అడిగాడు.

"మబ్బు పట్టినట్లుండాది. మిద్దెకు ఇంకొక పూత ఎయ్యరాదంట్రా?"

కాబట్టి చదువరులారా, సంపు మూత మీద కుడికాలు మోపి, తూర్పుకు తిరిగి, ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో తొలివానకు ఆశపడను, దాన్ని సంపులోకి దించను. మా నాయన సీసాకు సరిపడా తప్ప.