గౌరక్క అడిగిన అర్థం

దేశ రాజధానిలో, సివిల్స్ కోచింగులుండే ముఖర్జీ నగర్‌లోని మా లేడీస్ హాస్టల్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తున్న గౌరక్కది శ్రీకాకుళం వైపు. మెస్సుకి ఇన్‌ఛార్జిని పెడతాం, ఇంటర్వ్యూ ఉంటుంది అని యజమాని నోటీసు అంటించగానే అందరికన్నా ముందు పేరిచ్చింది ఆవిడే. బయటినుంచి ఎవరో వచ్చి తన వంటగదిలో తనకే పని చెబుతారని ఆవిడ భయం.

ఇంటర్వ్యూ కోసం ఆవిడకు ఇంగ్లీషు నేర్పే పని నేను నెత్తినేసుకున్నాను. సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చినదాన్ని, ఆ మాత్రం గొప్ప ఉండదా! నలభై మాటలు రాసిచ్చాను. చపాతీలు ఒత్తుతూ అన్నీ బట్టీ పట్టింది.

ఇంటర్వ్యూ మా డైనింగ్ హాల్లోనే. నేను సీసాలో నీళ్లు పట్టుకుంటున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడ్డాను. యజమాని అందరినీ ఒకటే అడిగాడు: "ఆర్ యూ ప్రాగ్మాటిక్?" నా నలభైలో ఆ మాట లేదు. ముందు వచ్చిన ఇద్దరూ "యస్ సర్, వెరీ ప్రాగ్మాటిక్" అని గడగడా చెప్పారు గానీ, ఉదాహరణ అడిగేసరికి నీళ్లు నమిలారు.

గౌరక్క వంతు వచ్చింది. "మత్లబ్ క్యా హై, సర్?" అని ఆ మాటకు అర్థం అడిగేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని హిందీలో ఓపిగ్గా చెప్పాడు: పుస్తకంలో ఏముందని కాకుండా, ఉన్న పరిస్థితిలో ఏది పనికొస్తుందో చూసి చేసే మనిషి అని.

"అచ్ఛా, అదా!" అంటూ ఆవిడా హిందీలోనే అందుకుంది. పరీక్ష రోజు పొద్దున్న పిల్లలకు భయంతో ముద్ద దిగదని, వేసిన పూరీలన్నీ చెత్తబుట్టకే పోయేవని, అందుకే ఇప్పుడు పెరుగన్నం డబ్బాల్లో పెట్టిస్తానని, రెండు పేపర్ల మధ్య విరామంలో తింటారని చెప్పింది. "ఒక్క డబ్బాలో మెతుకు మిగల్లేదు, సర్."

ఉద్యోగం ఆవిడకే వచ్చింది! ఆ సాయంత్రం మేం కంచాలు వాయించిన మోతకి పక్క పీజీ వాళ్లందరూ కిటికీల్లోకి వచ్చారు.

సందడి తగ్గాక ఆవిడతో నిజం చెప్పాను. నా ఇంటర్వ్యూలోనూ ఒక మాట తెలియలేదు. తెలిసినట్టు వాగి వచ్చాను.

"అడగలేకపోయావేటి, ప్రత్యూషా?"

"సిగ్గేసిందక్కా."

"సిగ్గేటమ్మా? అర్థం తెలిసినోళ్లే కదా ఎదర కూకున్నారు!"

ఈ ఏడు పరీక్ష రాయకూడదనే అనుకున్నాను నేను. మర్నాడు బోర్డు మీద ఇన్‌ఛార్జి గౌరి సంతకంతో మొదటి కాగితం కనిపించింది, ప్రిలిమ్స్ రోజు పెరుగన్నం డబ్బా కావలసినవాళ్లు పేర్లు రాయండని. అందులో మొదటి పేరు నాదే.