నీడపక్క సీటు

విమానంలో కిటికీ సీటు ఎంచుకోవడంలో నన్ను మించినవాడు లేడని అనుకునేవాణ్ణి. హూడిలో మా ఆఫీసులో ఎవరు ఎక్కడికి వెళ్తున్నా నన్నే అడిగేవారు. రెక్క మీద వద్దు, ముందైనా కూర్చో, వెనకైనా కూర్చో, అద్దం మీద గీతలుంటే నీ ఖర్మ అని చెప్పేవాణ్ణి. అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆమె పుట్టి పెరిగింది మడివాళలో. చిన్నప్పుడు సెలవులొస్తే హిందూపురం బస్సెక్కడమే. సీటు పట్టడానికి వాళ్లింట్లో ఒకటే పద్ధతి. ఎండ ఏ పక్క పడుతుందో చూసి, రెండో పక్క కిటికీలోంచి తువ్వాలు వేసేయడం.

ఆమె జబ్బు రెండోసారి తిరగబెట్టినప్పుడు, ఇక మందులు మార్చి లాభం లేదని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఆ మాట నేను ఇంట్లో ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆమెకు తెలుసు. ఆ వారమే అడిగింది.

“మంచుకొండ ఒక్కటి చూడాలప్పా. దూరం నుంచైనా చాలు.”

కొండలెక్కే ఓపిక లేదు కాబట్టి విమానంలోంచి చూపిద్దామనుకున్నాను. ఢిల్లీ నుంచి తూర్పుగా బాగ్డోగ్రా వెళ్లేటప్పుడు ఎడమపక్క కూర్చుంటే హిమాలయాలు వరసగా కనబడతాయి. పోనూ రానూ టికెట్లు ఒకేసారి తీశాను. రెండింటికీ ఎడమ కిటికీయే నొక్కాను.

ఆమె పక్కన కూర్చుని చూస్తోంది. “వచ్చేటప్పుడు ఎండ ఏ పక్క ఉంటాదో చూసినావా? నీడపక్క తీసుకోప్పా. ఎండలో కూచుంటే కండ్లు మూసుకోవాల్సిందే, ఇంకేం కనపడతాది?”

“ఇదేమన్నా హిందూపురం బస్సా? ఎర్రబస్సు తెలివి ఇక్కడ పనిచేయదు” అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

వెళ్లేటప్పుడు దారంతా మబ్బు. అక్కడున్న మూడు రోజులూ మబ్బే. హోటల్ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని కూర్చునేది. “కొండ ఆడనే ఉండాదిలే, యాడికీ పోదు” అని తిరిగి నన్నే ఊరడించింది.

తిరుగు ప్రయాణం నాడు ఆకాశం కడిగిపెట్టినట్టు ఉంది. మధ్యాహ్నం విమానం లేచి పడమటికి తిరిగింది. మా కిటికీ నిండా ఎండ. అవతలి పక్కవాళ్లు ఒక్కసారిగా కేకలేసి ఫోన్లు పైకెత్తారు. వచ్చేటప్పుడు కొండలు కుడిపక్కకు వస్తాయని, ఊరందరికీ పాఠాలు చెప్పిన నాకు తట్టలేదు. నీడా ఆ పక్కే ఉంది.

సీటు మారతారేమో అడుగుదామని లేవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దులేప్పా. వాళ్లూ చూడాలనే వచ్చినారు.”

లేచి నిలబడే శక్తి ఆమెకు లేదు. మెడ చాచి, వాళ్ల తలల సందుల్లోంచి చూస్తూనే ఉంది. నా మీద నాకు రావలసిన కోపం ఆమె మీదికి పోయింది. “దెప్పాలనుంటే దెప్పు. అట్లా మెడలు నిక్కించి నన్ను చంపకు” అన్నాను. ఆమె చూపు తిప్పలేదు. కాసేపయ్యాక “కనపడిందిలే” అంది.

“ఎట్లా ఉంది?”

“తెల్లగా ఉండాది.”

నాలుగు నెలలకు పోయింది. చంపకు అని ఆ మనిషితో అన్నానే అని ఇప్పటికీ నా నోటిని నేనే తిట్టుకుంటాను.

మొన్న ధైర్యం చేసి ఆమె ఫోన్ తెరిచాను. ఆ ప్రయాణంలో తీసిన ఫొటో ఒక్కటే ఉంది. ఎవరివో మూడు తలలు, పైకెత్తిన చేతులు, వాటి వెనక కిటికీ ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు. ఎంత పెద్దది చేసి చూసినా కొండ లేదు. దాన్నే వాళ్లక్కకు పంపింది. కింద తన గొంతుతో రెండు మాటలు ఉన్నాయి.

“అక్కా, మంచుకొండ చూసినా. మా ఆయప్ప నాకోసం మంచి సీటు ఎతికి తీసినాడు.”