ఆగప్పా, పొగ పడనీ

నందికొట్కూరు బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే ఆయనకు ఒకప్పుడు ఒకటే పట్టుదల. ప్లేటు మన చేతికిచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎదురుగా నిలబడేవాడు. ఎవరైనా కబుర్లలో పడితే "మాటలు తర్వాతప్పా, చల్లారిపోతాది" అని కసిరేవాడు.

వీడియోలు పెడితే వ్యాపారం పెరుగుతుందని ఆయనకెవరో చెప్పారు. మర్నాడే పొయ్యి వెనక, రోడ్డు వైపు తిప్పి ఫోను నిలబెట్టాడు. ఇక ప్లేటు అందుకోబోతే చాలు, "ఆగప్పా, పొగ పడనీ" అనేవాడు. బజ్జీని ఫోను ముందు విరిచేవాడు. అది సరిగ్గా విరగలేదని ఇంకోటి విరిచేవాడు. మా చేతికొచ్చేసరికి ఉగ్గాని పొద్దున చేసి మరిచిపోయినట్టుండేది. ఒక్కొక్కరమే రోడ్డవతల బండి పెట్టుకున్న ఆమె దగ్గరికి జారుకున్నాం. ఆమెకు ఫోను ఎత్తే తీరికే ఉండేది కాదు.

ఒకరోజు కర్నూలు బస్సు కోసం నిలబడి ఉంటే నన్ను పిలిచి ఫోను చూపించాడు.

"శానా మంది అడుగుతాండారప్పా. ఒక్కరికి గూడా జవాబియ్యకుండా ఇడ్సలేదు."

వీడియోల కింద జనం రాసినవి చదివాను. అందరిదీ ఒకే ప్రశ్న: వీడియోలో వెనకాల అంతమంది మూగిన ఆ బండి ఎక్కడుంది?

ఇంకొకరైతే ఫోను నేలకేసి కొట్టేవారు. ఆయన మాత్రం అందరికీ ఓపిగ్గా రాశాడు: "మా అంగడికి ఎదురుగానే ఉండాదప్పా. వేడిగా పెడతాది, రాండి. మా వీడియో చూసి వచ్చినామని ఆమెకు చెప్పండి."