మాటకు ముందు ఊపిరి

పోయిన గురువారం క్లాసుకు బయల్దేరుతుంటే ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “మేడమ్, ఇంజనీర్ సార్ పోయిండు. పొద్దుగాల్నే పాణం పోయిందంట. మీకు చెప్పాల్నని చేసిన,” అన్నాడు. సరేనని పెట్టేసి, క్లాసుకు వెళ్ళి పాఠం చెప్పాను. ఏం చెప్పానో పిల్లల్నే అడగాలి.

మీకు ఆయన తెలియదు. ఆయన పట్టిన గొంతులు మాత్రం మీరంతా వినే ఉంటారు. సినిమాల్లో మాటలు రికార్డు చేసే సౌండ్ ఇంజనీరు ఆయన. నాకు చదువు చెప్పినవాళ్ళలో ఆయనొకరు, కానీ ఆయన పేరు ఏ సర్టిఫికెట్ మీదా ఉండదు.

నేను పరిశోధన చేసే రోజుల్లో మా యూనివర్సిటీకీ ఆ థియేటర్‌కూ ఒప్పందం కుదిరింది. షూటింగ్‌లో పట్టిన మాటల్లోంచి ఫ్యాన్లు, జనరేటర్లు, ఆటోల రొద తీసేసే ప్రోగ్రాం మేం తయారుచేయాలి. రికార్డింగులూ అనుభవమూ వాళ్ళవి. శాలువాలు, ఫోటోలు అయ్యాక పెద్దవాళ్ళంతా కార్లెక్కి వెళ్ళిపోయారు. ఆ గదిలో ఆయనా నేనూ మిగిలాం. “సంతకాలు అయిపోయాయిగా, ఇక పని మొదలెడదామా?” అన్నారు.

రహమత్ నగర్ నుంచి ఎండలో పడి వెళ్ళిన నన్ను మొదటిరోజే రికార్డింగ్ గది గుమ్మంలో ఆపేశారు. “గాజులు బయట పెట్టి రామ్మా. మైకుకి మన మీద మొహమాటం ఉండదు.” ఆయన తన చేతి గడియారం కూడా తీసి గుమ్మం పక్క బల్ల మీద పెట్టేవారు. దాని టిక్కుటిక్కు లోపల వినిపిస్తుందట. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ బల్ల మీద ఆయన గడియారం, నా గాజులు పక్కపక్కనే ఉండేవి.

ఆయనకు ఆయాసం. ప్రతి మాటకూ ముందు సన్నగా ఈల వేసినట్టు ఊపిరి వినబడేది. ఆ మొదటిరోజు మైకు సరిచూడటానికి తనే లోపలికెళ్ళి, ఊపిరి పీల్చుకుని, “అమ్మాయ్, వినబడుతోందా?” అన్నారు. అది రికార్డయింది.

ఆరు నెలలకు యూనివర్సిటీలో ప్రదర్శన పెట్టాం. కూతురు తండ్రిని వదిలి వెళ్ళే సన్నివేశం. రొదంతా పోయి మాట అద్దంలా వచ్చింది. తెర మీద నా గ్రాఫులు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఆయన లేచారు. “ఊపిరి ఏదమ్మా?” అన్నారు. నాకు అర్థం కాలేదు. “వెళ్ళొస్తానని చెప్పేముందు ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకుంది. ఏడుపు ఆపుకున్నదంతా అందులోనే ఉంది. మీ ప్రోగ్రాం దాన్ని రొద అనుకుని తీసేసింది. మాట శుభ్రంగానే ఉంది, మనిషే లేదు.”

అందరి ముందూ తలకొట్టేసినట్టయింది. సినిమావాళ్ళకి సైన్సేం తెలుసని గొణుక్కుని నాలుగు రోజులు థియేటర్ వైపు వెళ్ళలేదు. ఐదోరోజు ఆయనే ఫోన్ చేశారు. “అలిగావా? అలిగే రా, పర్లేదు. పెన్సిలు తెచ్చుకో.”

వెళ్ళాను. “బొమ్మ ఆపి వినమ్మా,” అని కంప్యూటర్ తెర కట్టేయించేవారు. ఊపిరి వచ్చిన చోటల్లా కాగితం మీద గీత పెట్టించేవారు. భయపడేది, అబద్ధమాడబోయేది, నవ్వు ఆపుకునేది, దేని ఊపిరి దానికే ఉంటుందని అలా నెలల తరబడి నేర్చుకున్నాను. చివరికి నా సిద్ధాంత గ్రంథం ఊపిరి గురించే అయింది. ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

ఫోన్ వచ్చిన సాయంత్రం ఆయన గొంతు వినాలనిపించింది. వాయిస్ మెసేజ్ పెట్టే అలవాటు ఆయనకు లేదు. జీవితమంతా ఇతరుల గొంతులు పట్టిన మనిషిది నా దగ్గర ఒక్క ముక్కే ఉండాలి, మొదటి రోజుది. పాత డిస్కులన్నీ వెతికితే దొరికింది. కానీ అది మా మొదటి ప్రోగ్రాం శుభ్రం చేసిన ఫైలు. చోటు చాలక అసలు రికార్డింగులు అప్పట్లో నేనే చెరిపేశాను. మంచివి ఉండగా అవెందుకనుకున్నాను.

“అమ్మాయ్, వినబడుతోందా?” అద్దంలాంటి మాట. ముందు ఆ ఈల లేదు.

మా ల్యాబులో పిల్లవాడు నా మొహం చూసి, “మేడమ్, ఊపిరే గదా, మెషిన్‌తోని తయారుచేసి పెట్టేద్దామా? రెండు నిమిషాల పని,” అన్నాడు. నిజమే, ఇప్పుడు ఆ విద్య మాకొచ్చు, వాడికి నేర్పింది నేనే. వద్దన్నాను.

అప్పటినుంచి రోజూ ఒకసారి గాజులు తీసి బల్ల మీద పెడతాను. ఫైలు మొదలుపెడతాను. మాటకు ముందు అర సెకను ఏమీ వినిపించదు. అక్కడ ఊపిరి నేను తీసుకుంటాను. “అమ్మాయ్, వినబడుతోందా?” అంటారాయన.